వ్యాపార పద్ధతులు – పేటెంటు హక్కు



ఈ యేటి తీర్మానముల చిత్తుప్రతిలో నొకటి మా కంటబడినది. యంత్రములకును ఔషధములకును పేటెంటు లభించునట్లే నూతన వ్యాపార పద్ధతులకును లభింపవలెననియు, అందులకై చట్టమును సవరింపుడని ప్రభుత్వమును గోరవలెననియు దాని సారాంశము. వర్తకము కులవృత్తిగా గల మనలో నీ కోరిక పుట్టుట వింత గాదు. ప్రతిపాదించినవారు సదుద్దేశము గలవారే. అయినను మేము దాని నంగీకరింపజాలక యీ వేదిక నెక్కితిమి.

పేటెంటు అను మాట లాటిను భాషనుండి వచ్చినది. తెఱవబడియున్నదని దాని యర్థము. రాజముద్రతో, ఎల్లరును జదువుటకు వీలుగా విప్పియుంచిన శాసనపత్రమున కా పేరు చెల్లెను. మనవారిలో ననేకులు పేటెంటనగా దాచిపెట్టుకొనుటయని తలచుచున్నారు. వ్యాకరణము జదివినవారికి మాటల పుట్టుకపై మక్కువ మెండు, క్షమింపుడు. కాని యిచ్చట శబ్దార్థమే న్యాయమును దెలుపుచున్నది. నూతన యంత్రమును గనిపెట్టినవాడు తన రహస్యమును లోకమునకు వ్రాసి యిచ్చును. లోకము దానికి బ్రతిఫలముగా, మన దేశమున 20 సంవత్సరములు, ఇతరులకు లేని హక్కు నాతని కిచ్చును. ఇది యొక బేరము. ఇంగ్లాండున ఎలిజబెతు రాణి కాలమున పేకముక్కల వ్యాపారము సైత మొకని వశమై యుండెను. అట్టి గుత్తాధిపత్యములకు విసిగి 1624లో నచ్చటి పార్లమెంటు వానిని రద్దుపఱచి, నూతనావిష్కరణములకు మాత్రము 14 సంవత్సరముల మినహాయింపు నొసగినది.

ఇక వ్యాపార పద్ధతి నాలోచింపుడు. మందు చేయు పాకము గదిలో దాగును. అంగడి నడపు తీరు ఏ గదిలో దాగును? తలుపు తీసిన దినముననే కొనువాడును, ఎదుటి దుకాణమువాడును దానిని జూతురు. వ్రాసి యిచ్చుటకు రహస్యమే లేనప్పుడు లోకమునకు ముట్టిన దేమి? లోపలి లెక్కలలో దాగు పద్ధతులు లేవా యని యడుగుదురు. కలవు. వానిని దాచుకొనుటకు పేటెంటుతో బనిలేదు. నమ్మకమైన గుమాస్తా చాలును.

ఈ వివాదము అమెరికాలో పాతది. హోటళ్లలో వడ్డించువారును సొమ్ము పుచ్చుకొనువారును మోసము చేయకుండ చీటీలు వ్రాసి సరిచూచు పద్ధతికొక పేటెంటుండగా, 1908లో నచ్చటి ఫెడరలు అప్పీలు కోర్టు అందు క్రొత్తదనము లేదని కొట్టివైచినది. చిరకాల మా తీర్పే దారి చూపినది. 1998లో గాలి మళ్లినది. పెక్కు మ్యూచువలు ఫండుల ధనము నొకే రాశిగా గూర్చి, దినదినము లాభనష్టములను పంచి లెక్కగట్టు కంప్యూటరు ఏర్పాటునకు సిగ్నేచరు ఫైనాన్షియలు వారు పేటెంటు పొందియుండిరి. అది వ్యాపార పద్ధతియైనంత మాత్రమున చెల్లకపోదని కోర్టు పలికినది. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో అమెజాను వారికి మఱియొక పేటెంటు వచ్చినది. కొనువాని చిరునామాను, చెల్లింపు వివరములను ముందే భద్రపఱచియుంచి, కంప్యూటరుపై ఒక్కమాఱు నొక్కినంతనే వస్తువు నమ్ముటయే ఆ పద్ధతి. అక్టోబరులో వారు బార్న్సు అండ్ నోబులు అను పుస్తక విక్రేతలపై దావా వేసిరి. డిసెంబరులో నిషేధాజ్ఞ పొందిరి. ప్రతివాదులేమి చేసిరో వినుడు: ఒక్క నొక్కునకు మాఱుగా రెండు నొక్కులు పెట్టిరి! 2001లో పై కోర్టు, ఆ పేటెంటు చెల్లుబాటుపై గట్టి సందేహము కలదని నిషేధమును దొలగించినది. 2002లో నుభయులును రాజీపడిరి. ఆ విక్రేతలు ధనవంతులు గనుక రెండేండ్లకు పైగా వ్యాజ్యమును మోసిరి. అట్టి నోటీసు మన కిరాణా వర్తకునికి వచ్చెనా, మొదటి వాయిదాకు ముందే దుకాణము మూసికొనును.

2014లో అమెరికా సుప్రీముకోర్టు, ఇరుపక్షముల నడుమ మధ్యవర్తి నుంచి చెల్లింపులు జరుపు పాత వాడుకను కంప్యూటరులో బెట్టినంతనే అది పేటెంటునకు దగినది గాదని ఆలిస్ సంస్థ వ్యాజ్యమున నిర్ణయించినది. వాకిలి మూయబడలేదు గాని మిక్కిలి యిఱుకైనది.

మన దేశమున 1970 నాటి పేటెంట్ల చట్టమునకు 2002లో జరిగిన సవరణవలన 3వ సెక్షనున (కె) అను ఖండము చేరి, 2003 మే నెలలో అమలునకు వచ్చినది. గణిత పద్ధతియు, వ్యాపార పద్ధతియు ఆవిష్కరణములు గావని యది చెప్పుచున్నది. కంప్యూటరు ప్రోగ్రాముల పట్ల ‘స్వతః’ అను నర్థమిచ్చు పదము చేర్చి కొంత సందిచ్చిన శాసనకర్తలు, వ్యాపార పద్ధతికట్టి సందియ్యలేదు.

ఈ సంగతి తెలియక నష్టపోయిన యొక యువకుని మే మెఱుగుదుము. ఆతడు మా శిష్యుడు. పది పల్లెల కిరాణా దుకాణములకు గావలసిన సరకుల పట్టీలను ఫోనుమీద నొకచోట జేర్చి, టోకున కొని, ఒకే బండిలో బంపి, బాడుగను బరువునుబట్టి పంచు పద్ధతి నేర్పఱచినాడు. నగరమున నొక మధ్యవర్తి, అమెరికాలో నిట్టిదానికే పేటెంటు వచ్చినది, నీకును దెప్పింతునని పలికి విడతలుగా రుసుము గైకొనెను. తల్లి గొలుసు తాకట్టునకు వెళ్లినది. రెండేండ్లకు పేటెంటు కార్యాలయమునుండి యభ్యంతర పత్రము వచ్చినది. అంతట నాతడు మా యింటికి వచ్చి, “మాస్టారూ, ఈ సెక్షను తెలుగులో చెప్పండి” అని కాగితము చేత బెట్టినాడు. అర్థము జెప్పుటకు మాకు బట్టినది యొక నిమిషము. ఆ నిమిషము రెండేండ్లు ముందుగా దొరకియుండినచో గొలుసు తల్లి మెడలోనే యుండెడిది.

ఆ పద్ధతి చెడ్డది గాదు. బండి నేడును దిరుగుచున్నది. పొరుగు మండలమున మనవారే మఱి యిద్దఱు దాని ననుకరించిరి. ఆతనికి వారిపై కోపము కలదు, సహజమే. కాని చిట్టాఖాతాలను, హుండీని, చీటీపాటను ఆత డెవరివద్ద వెలయిచ్చి కొన్నాడు? వాని నేర్పఱచిన పూర్వులు తలుపులు బిగించుకొనియుండినచో మనలో నెందఱి తాతలు వర్తకులై యుందురు? బండిపై నున్న పేరును గుర్తును నమోదు చేయించుకొన్న 1999 నాటి ట్రేడుమార్కుల చట్టము కాపాడును; ఆతడు వ్రాయించిన ప్రోగ్రామును కాపీరైటు కాపాడును. ఇది స్వల్పమే, కాని యున్నది.

కావున మా సవరణ యిది. ఆ తీర్మానమును విడిచి, పేటెంటు దరఖాస్తునకు సొమ్ము గట్టబోవు మన యువకులకు ముందుగా నుచితముగ సలహా జెప్పుటకు సంఘ మొక న్యాయవాదిని నియమింపవలెనని దాని స్థానమున జేర్చుడు. 3వ సెక్షనును దెనిగించి యిచ్చు పని మేము పుచ్చుకొందుము. మాకు రుసుము వలదు. అచ్చు ఖర్చును పోషకులలో నొకరు భరింతురని యాశించుచు, ఈ సవరణను సభవారి యెదుట నుంచుచున్నాము.