కొవ్వొత్తి నేర్పిన పాఠం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను పండితుణ్ణి కాను. ఉర్దూ మీడియం బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పుకునే మామూలు మాస్టర్ని. అందుచేత పెద్ద విషయాల జోలికి పోకుండా, 2003లో నేను టీచర్ ట్రైనింగు చేస్తున్నప్పుడు నాకు జరిగిన ఒక పరాభవాన్ని మీ ముందు పెడతాను.

ఆ రోజుల్లో సైన్సు చెప్పటమంటే మాటలు నేర్పటమే అనుకునేవాణ్ణి. నీరు ఆవిరి కావటాన్ని ఉర్దూలో ‘తబ్ఖీర్’ అంటాం. తెలుగులో బాష్పీభవనం. పిల్లలు ‘తబ్ఖీర్, తబ్ఖీర్’ అని పదిసార్లు వల్లిస్తే పాఠం అయిపోయినట్టే. శాస్త్ర పదాలు మనకు ఊరికే రాలేదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి పుస్తకాలు కావాలని అంతకు ముందు ఏడాదే అనువాద విభాగం పెట్టి, పండితులు ఎంతో కష్టపడి పదాలు కూర్చారు. ఆ కృషికి సలాం. అయితే ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు మాట్లాడే పిల్లకి ఆ మాట ముందు చెప్తే ఏం బోధపడుతుంది? దండెం మీద తడి దుపట్టా ఎలా ఆరిందని ముందు అడగాలి. మాట తరవాత ఇవ్వాలి. ఈ సంగతి నాకప్పుడు తెలీదు.

టీచింగ్ ప్రాక్టీసులో నాకు అయిదో తరగతి ఇచ్చారు. పాఠం గాలి. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యన కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజుగ్లాసు బోర్లించాను. కొంతసేపటికి కొవ్వొత్తి ఆరింది. గ్లాసులోకి నీళ్లు ఎక్కాయి. “చూశారా! గాలిలో అయిదో వంతు ఆక్సిజన్. అది మండిపోయింది. ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి” అన్నాను. గైడులో అలాగే ఉంది మరి. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. “బత్తీ బుజే బాదిచ్ పానీ చఢ్యా సర్, పైలే కైకూ నై చఢ్యా?” అంది. అంటే, కొవ్వొత్తి ఆరిన తరవాతే కదా నీళ్లు ఎక్కాయి, మండుతున్నప్పుడు ఎందుకు ఎక్కలేదు అని.

నా దగ్గర జవాబు లేదు. వెనక పరిశీలకులు కూర్చుని మార్కులు వేస్తున్నారు. “పుస్తకంలో ఉన్నది రాసుకో, కూర్చో” అని గద్దించాను. తరగతి నిశ్శబ్దమైంది. క్రమశిక్షణ బాగుందని నాకు మంచి మార్కులే పడ్డాయి. కానీ ఆ పిల్ల ఆ తరవాత చెయ్యెత్తలేదు. వారం రోజులు ఆ తలొంచుకున్న ముఖమే నా కళ్లముందు మెదిలింది.

ఒక రాత్రి ఇంట్లో వంటగదిలో మళ్లీ ఆ గ్లాసు, పళ్లెం పెట్టుకు కూర్చున్నాను. అమ్మీ చూసి, “ఇందులో వింతేముంది బేటా? వేడి గిన్నె మీద గట్టిగా మూత పెట్టి చల్లారనిస్తే మూత పట్టేసుకోదా?” అంది. నాకు కళ్లు తెరుచుకున్నాయి. కొవ్వొత్తి లేకుండానే గ్లాసును వేణ్ణీళ్లతో తొలిచి, వెంటనే పళ్లెంలో బోర్లించాను. నీళ్లు కొద్దిగా పైకి ఎక్కాయి! మంటా లేదు, ఆక్సిజన్ ఖర్చూ లేదు.

అసలు సంగతి ఇది. మంట వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచిస్తుంది. కొంత గాలి బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరగానే మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది. బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి తోస్తుంది. కొవ్వొత్తి కొంత ఆక్సిజన్ వాడుకునే మాట నిజమే. కానీ అంతా అయిపోకముందే ఆరిపోతుంది. వాడిన దాని చోటికి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. ఆ అంకె నిజం, నేను చూపిన రుజువు తప్పు.

మర్నాడు తరగతిలో “నేను చెప్పింది తప్పు, ఈ అమ్మాయి చూసింది ఒప్పు” అన్నాను. అనటానికి గొంతు తడారిపోయింది. ఆ పిల్ల నవ్వి, “ఔర్ ఏక్ బార్ కరో సర్” అంది. ఈసారి అందరూ గ్లాసు చుట్టూ మూగి బుడగలు చూశారు. నేను మాస్టర్నయింది ఆ రోజే అనుకుంటాను.

ఇలా చేతులతో చేసి నేర్చుకోవటం కొత్తేమీ కాదు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పల్లెటూరి బడుల్లో ఈ పద్ధతి మొదలై 2002 దాకా నడిచింది. పరీక్షలో పిల్లలు పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. కంఠస్థం కాదు, ఆలోచనే అక్కడ పరీక్ష.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ‘కైకూ’ అని అడిగితే నోరు మూయించకండి. తెలియకపోతే “పద, చూద్దాం” అనండి. సంఘం పెద్దలకు ఇంకో మనవి. ఏటా బహుమతులుగా ఇచ్చే స్టీలు డబ్బాలతో పాటు, బడికొక పెట్టెలో రెండు అయస్కాంతాలు, ఒక భూతద్దం, ఒక థర్మామీటరు, నాలుగు గాజుగ్లాసులు ఇప్పించండి. కొవ్వొత్తులు మేం తెచ్చుకుంటాం.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలీదు. పెద్ద చదువు చదివిందో, అయిదుతోనే ఆపేశారో! ఆమె అడిగిన ప్రశ్న మాత్రం ఏటా నా అయిదో తరగతిలో లేస్తూనే ఉంది. ఎవరూ అడగకపోతే నేనే అడుగుతాను.