తంజావూరులో ఒక రోజు



రాష్ట్రం సరిహద్దుకు ఇవతల ఉండే మన తెలుగువాళ్ళకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మీరు ఇక్కడివాళ్ళా, అక్కడివాళ్ళా?" అని అడుగుతారు. దీనికి వాదన పెట్టుకోకుండా జవాబు వెతుక్కోవాలంటే ఒక రోజు తంజావూరు వెళ్ళి రండి. తిరుచ్చి దాకా వెళ్ళినవాళ్ళకు అక్కడినుంచి బస్సులో గంటన్నర ప్రయాణం.

పొద్దున్నే చేరుకోండి. మధ్యాహ్నం గుడి తలుపులు మూస్తారు. ముందు మిరియాలు, జీలకర్ర వేసి నేతిలో తడిపిన పొంగలి, ఒక వడ, ఇత్తడి డబరా గ్లాసులో నురుగు పొంగే కాఫీ. ఆ తరువాత పెద్దగుడి.

బృహదీశ్వరాలయాన్ని రాజరాజచోళుడు 1010లో పూర్తి చేయించాడు. విమానం ఎత్తు దాదాపు 66 మీటర్లు. తల పైకెత్తి చూడడం అయ్యాక, కిందికి వంగి గోడల మీది రాత చూడండి. అవి దాదాపు అన్నీ తమిళ శాసనాలు. గుడిలో ఆడిన నాలుగు వందల మంది నర్తకుల పేర్లు, వాళ్ళకిచ్చిన ఇళ్ళ వరస కూడా అక్కడ చెక్కించారు. ఎదుటి పెద్ద నంది, పక్కనున్న సుబ్రహ్మణ్యస్వామి గుడి మాత్రం తెలుగు నాయకరాజుల కాలానివి. ఇంకో గోడ మీద మరాఠా రాజు శరభోజి 1803లో వేయించిన మరాఠీ శాసనం ఉంది. లోపలి ప్రదక్షిణ మార్గంలో నాయకుల కాలపు బొమ్మల కింద చోళుల నాటి బొమ్మలు దాగి ఉన్నాయని 1931లో బయటపడింది. పురావస్తుశాఖవారు పైపొరను జాగ్రత్తగా ఊడదీసి విడిగా భద్రపరిచారు. కింది బొమ్మ కోసం పైబొమ్మను పాడుచేయలేదు.

అక్కడినుంచి రాజభవనానికి నడిచి వెళ్ళవచ్చు. చిత్రశాలలో చోళుల కంచు విగ్రహాలున్నాయి. పక్కనే సరస్వతీ మహలు గ్రంథాలయం. నాయకరాజులు 1532 నుంచి 1673 వరకు ఇక్కడ ఏలారు. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి. చేమకూర వేంకటకవి విజయవిలాసాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొడుకు విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ కవిత్వం చెప్పింది. వాళ్ళ పాలన పోయి మరాఠాలు వచ్చారు. రాజుగారి ఇంటిభాష మరాఠీ, ఊరి భాష తమిళం. అయినా శహాజీ మహారాజు తెలుగులో యక్షగానాలు రాశాడు. రాజ్యం పోయినా భాష పోకపోవడానికి కారణం, తమది కాని భాషను కూడా ప్రేమతో నేర్చుకున్నవాళ్ళు ఉండడమే.

ఇక భోజనం. అరటాకు వేసి కూర, కూటు, అప్పడం, సాంబారు, వత్తకుళంబు, రసం వరసగా వడ్డిస్తారు. సాంబారు ఈ మరాఠా రాజుల వంటింట్లోనే పుట్టిందని ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా, వాళ్ళ కుళంబు తింటుంటే మన పులుసు, వాళ్ళ రసం తాగుతుంటే మన చారు గుర్తుకు రాక మానవు.

మధ్యాహ్నం చిత్రకారుల పనిచోటుకు వెళ్ళండి. తంజావూరు బొమ్మను పాతరోజుల్లో పనస చెక్క మీద వేసేవారు. చెక్కకు గుడ్డ అంటించి, సుద్దముద్దతో నగలు, మండపాలు ఉబ్బెత్తుగా తీర్చి, రాళ్ళు పొదిగి, బంగారు రేకు అతికి, ఆఖరున రంగులు వేస్తారు. ఈ పనిలో పేరుపొందిన పాత కుటుంబాలలో తెలుగు మాట్లాడే రాజులవారివి ముఖ్యమైనవి.

సాయంకాలం తిరువైయారుకు బస్సెక్కండి. పదమూడు కిలోమీటర్లు. పెసరపప్పు ఉడికించి నెయ్యి, చక్కెర, గోధుమపిండితో చేసే అశోకా హల్వా ఆ ఊరి ప్రత్యేకత. అది తిని కావేరి ఒడ్డుకు వెళితే త్యాగరాజస్వామి సమాధి. ఆయన 1847లో సిద్ధి పొందారు. సమాధి పాడుబడిపోతుంటే తన సంపాదన ఖర్చుపెట్టి గుడి కట్టించినావిడ బెంగళూరు నాగరత్నమ్మ. ఆమె కర్ణాటకలోని నంజనగూడులో పుట్టింది. ఆ కీర్తనలను కాపాడిన శిష్యులలో ఉమయాళ్పురం, తిల్లైస్థానం ఊళ్ళవాళ్ళది తమిళం. వాలాజాపేట వెంకటరమణ భాగవతారుది సౌరాష్ట్రం.

తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అనే నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని తమిళంలో అచ్చువేసిన కీర్తనల పుస్తకాలలో అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. తెలుగు రాని పిల్ల ఆ అంకెలు చూసుకుంటూ మన మాటను సరిగ్గా పలకడానికి కష్టపడుతుంది. మన ఇళ్ళలో సంగతి వేరు. మాట ఉంది, అంకెల అవసరం లేదు. అక్షరాలే తగ్గిపోతున్నాయి. అవ్వతో గలగలా మాట్లాడే పిల్లవాడు అవ్వ పేరు తెలుగులో రాయమంటే తెల్లబోతున్నాడు.

కాబట్టి తంజావూరు వెళ్ళేటప్పుడు పిల్లలను వెంటబెట్టుకు వెళ్ళండి. గుడి గోడ మీది తమిళాన్ని గౌరవంగా చూపించండి. బడిలో వాళ్ళు నేర్చుకునే భాష ఏదైనా శ్రద్ధగా నేర్వనివ్వండి. తిరిగి వచ్చాక రోజుకు ఒక పావుగంట కూర్చోబెట్టి మన అక్షరాలు దిద్దించండి. ఇక్కడివాళ్ళా, అక్కడివాళ్ళా అని ఎవరైనా అడిగితే, "ఇక్కడివాళ్ళమే, తెలుగువాళ్ళమే" అని ఆ పిల్లలు నవ్వుతూ చెప్పగలుగుతారు.