అట్ట లోపలి శంకరాభరణం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కాబట్టి సిమెంటు గురించో వంతెనల గురించో చెబుతాననుకున్నారేమో. నేను పాత సినిమా పోస్టర్ల గురించి మాట్లాడబోతున్నాను. ఇరవై ఏళ్లుగా వాటిని సేకరిస్తున్నాను. అన్నీ కాదు. ఇంటిల్లిపాదీ కలిసి చూసి, పాటలు పాడుకుంటూ ఇంటికొచ్చిన సినిమాలవి మాత్రమే: మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), గుండమ్మ కథ (1962), శంకరాభరణం (1980).

ఈ పిచ్చి హుస్సేనీ ఆలం గల్లీల్లోనే పట్టుకుంది. మహబూబ్ చౌక్ గడియారం దాటి బడికి వచ్చే దారిలో పోస్టరు లేని గోడ ఉండేది కాదు. జూన్‌లో బడి తెరవగానే రద్దీ దుకాణానికి పోయి, మిగిలిపోయిన పోస్టర్లు కొనుక్కొచ్చి పుస్తకాలకు అట్టలు వేసుకునేవాళ్లం. బొమ్మ లోపలికి, తెల్లవైపు బయటికి. తిరగేసి వేసినవాడికి బెత్తం దెబ్బే! మీలో కొందరి అరచేతులకు ఇంకా గుర్తుండే ఉంటుంది.

పోస్టరు ఆయుష్షు చాలా తక్కువ. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి, ఆ జిగురుతో గోడకు అంటించేవారు. వారం తిరిగేసరికి దాని మీద ఇంకోటి పడేది. అంటే తన పని తాను చేసిన పోస్టరు మనకు దక్కదు. ఇవాళ మన చేతికొచ్చేది గోడ ఎక్కని కాగితమే.

ఇంకో మాట. మాయాబజార్ నలుపు తెలుపు సినిమా. దాన్ని రంగుల్లోకి మార్చి విడుదల చేసింది 2010లో. కానీ గోడల మీద ఆ సినిమా మొదటినుంచీ రంగుల్లోనే ఉంది. తెర మీద లేని రంగును జనానికి చూపించింది పోస్టరు గీసిన చిత్రకారుడే. అలాంటివాళ్లలో ఎక్కువమంది పేర్లు మనకు తెలియవు. 'సాక్షి' (1967)తో మొదలుపెట్టిన ఈశ్వర్ గారు 'సినిమా పోస్టర్' అనే పుస్తకం రాయడం వల్ల కొంత చరిత్రైనా దక్కింది.

సేకరణలో రెండుసార్లు దెబ్బతిన్నాను. ఒక వ్యాపారి మాయాబజార్ మొదటి విడుదల పోస్టరంటే నమ్మి కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే, అడుగున ప్రెస్సు చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు! మన దేశంలో పిన్‌కోడు వచ్చింది 1972లో. అది ఎప్పుడో తర్వాతి విడుదలకు వేసింది. అప్పటినుంచి భూతద్దం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. యాభైల నాటి లితో పోస్టరుకు రంగుకో ప్లేటు చొప్పున చేత్తో గీసేవారు. అద్దంలో చూస్తే ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. స్కాన్ చేసి అచ్చేసిన నకలులో చుక్కలు మన డ్రిల్లు పీరియడ్‌లోలాగా వరసగా నిలబడతాయి.

రెండో దెబ్బ నా తప్పే. నిజమైన మిస్సమ్మ పోస్టరు దొరికిన సంతోషంలో ఫ్రేము కట్టమని ఇచ్చాను, ఎలా కట్టాలో చెప్పలేదు. ప్లైవుడ్‌కు జిగురుతో అంటించి, పైన లామినేషన్ చేసి ఇచ్చారు. ఇక అది ఊడిరాదు. యాభై ఏళ్లు బతికిన కాగితాన్ని ఒక్క పూటలో చంపుకున్నాను.

మా అమ్మ పోయాక ఇల్లు సర్దుతుంటే ట్రంకు పెట్టెలో నా ఆరో తరగతి లెక్కల నోటుబుక్కు దొరికింది. అట్ట విప్పితే లోపల శంకరాభరణం. సోమయాజులు గారి ముఖం సగమే ఉంది, మిగతా సగం బహుశా సైన్సు పుస్తకానికి పోయి ఉంటుంది. వెనకవైపు నా పేరు, తరగతి, రోల్ నంబరు. పక్కన సార్ ఎర్రసిరా సంతకం. సినిమా వచ్చిన ఏడాదే వేసుకున్న అట్ట అది. నా దగ్గరున్న వాటిలో ఇది అసలుదని ప్రమాణం చేసి చెప్పగలిగింది ఇదొక్కటే. కత్తిరించి, మడతపెట్టి, సిరా పూసిన కాగితం కాబట్టి సేకరించేవాళ్ల లెక్కలో దాని విలువ సున్నా. నా లెక్క వేరే.

అందుకే మిత్రులకు ఒక మనవి. మీ ఇళ్లలో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో పాత నోటుబుక్కులు ఉంటాయి. రద్దీకి వేసే ముందు అట్టలు విప్పి చూడండి. ఏదైనా దొరికితే సెల్లోటేపు వేయకండి, లామినేషన్ చేయించకండి, ఎండ తగిలే గోడకు వేలాడదీయకండి. మడత విప్పి, చదునుగా, ఆమ్లం లేని కాగితాల మధ్య పెట్టండి.

నా సగం శంకరాభరణాన్ని మన బడి లైబ్రరీకి ఇస్తున్నాను. రెండువైపులా కనిపించేలా అద్దాల మధ్య పెట్టించాను. బొమ్మ బయటికి వేసినందుకు ఈసారి సార్ కొట్టరనే ధైర్యం.