చెయ్యి ముందు వెళ్లింది

ఏప్రిల్ 16, కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు, మన నాటకరంగ దినోత్సవం. నాటక చరిత్ర పెద్దలు చెప్పేశారు. నన్ను ఆడిషన్ల గురించి మాట్లాడమన్నారు. ఎక్కువసార్లు తప్పినవాణ్ణని కాబోలు!

నా మొదటి సినిమా ఆడిషన్ కృష్ణానగర్‌లో, రెండో అంతస్తులో. మెట్ల మీదే ముప్పైమంది. చేతిలో అరపేజీ కాగితం పెట్టారు. కూతురి పెళ్లి తప్పిపోయిందని తండ్రికి ఫోనొస్తుంది, అదీ సీను. మెట్ల మీద నిలబడి చదువుకుంటున్నాను. "సరేనండీ, ఉంటాను" అనే చోట నా చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోయింది. శుభలేఖలకు అడ్వాన్సు కట్టిన రసీదు కోసం! కాగితంలో రసీదు ఊసే లేదు. ఈ తండ్రి దుఃఖంలో కూడా లెక్క చూసుకునే మనిషని నాకంటే ముందు నా చేతికి తెలిసింది.

అంతలో లోపల్నించి ఏడుపు. నా ముందువాడు బోరుమంటున్నాడు. అంతకుముందువాడూ అంతే. ఓహో, వీళ్లకు కావలసింది ఇదన్నమాట అనుకుని నేనూ వెళ్లి బోరుమన్నాను. పరిషత్తు నాటకాల గొంతు కదా, కింద టీకొట్టు దాకా వినపడే ఉంటుంది. "చెప్తాం సార్" అన్నారు. ఆ మాటకు అర్థం ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

చాలా ఏళ్లకు ఒక ఆడిషన్‌లో అటువైపు కూర్చున్నాను, ఎదుటిపాత్ర డైలాగులు అందివ్వడానికి. అద్దెకు గడువడిగే సీను. వచ్చినవాళ్లందరూ చేతులు జోడించారు. ఒకమ్మాయి మాత్రం నోరు విప్పేముందు, లేని గుమ్మం ముందు చెప్పులు విడిచింది. ఫోను చూసుకుంటున్న డైరెక్టర్ తలెత్తాడు. అప్పుడు తెలిసింది నాకు: ఆడిషన్ తీసుకునేవాళ్ల దగ్గర కూడా జవాబు ఉండదు. ఎవరైనా తెస్తారేమోనని చూస్తుంటారు. మనమేమో వాళ్ల మనసులో ఏముందో కనిపెట్టబోయి, మన జేబులో రసీదు మరిచిపోతాం.

అయితే తోచిందల్లా చెయ్యమని కాదు. 'మనదేశం' 1949లో వచ్చింది. అందులో ఇన్‌స్పెక్టర్ వేషం వేసిన ఎన్.టి. రామారావుగారు లాఠీఛార్జి సీనులో నిజంగానే బాదేశారని కథగా చెప్పుకుంటారు. ఆయనకు చెల్లింది. మీరు మాత్రం ఆడిషన్‌లో ఎవర్నీ కొట్టకండి.

ఇంకోటి. డైలాగు నోటికి రాకుండా వెళ్తే తోచేది పాత్ర కాదు, భయం. సురభి నాటక కుటుంబాల పిల్లలు తెరల వెనక నిద్రపోతూ పెరిగారు, వాళ్లకు డైలాగు ఒంట్లోనే ఉంటుంది. మనకు అది వల్లె వేస్తేనే వస్తుంది. ఇంట్లో సెల్ఫ్ టేప్ తీసేటప్పుడు మొదటి టేకు చెరిపెయ్యకండి. పదో టేకు తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. నేనైతే చాలాసార్లు మొదటిదే పంపాను.

చేతిని జేబులోకి పంపిన ఆ లోపలి మాట సీను వరకే కాదమ్మా. వేషం ఖాయమైంది, ముందు కొంత కట్టండి అన్నా, రాత్రి రూముకొచ్చి ఆడిషన్ ఇవ్వమన్నా కడుపులో ఏదో కలుక్కుమంటుంది చూడండి, అప్పుడు కారణాలు వెతక్కండి. వచ్చెయ్యండి. వేషం పోతే పోయింది.

సరే, మోనోలాగులు వినమన్నారు నన్ను. 'కన్యాశుల్కం' గిరీశాన్ని ఎంతమంది తెచ్చారు? నలుగురా! రండి, ఒక్కొక్కరూ. చుట్ట మాత్రం ఉత్తుత్తిగా వెలిగించుకోండి, హాల్లో నిప్పు కుదరదట.