99 శాతం చాలని చోట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను మందుల పరిశ్రమలో ఇంజనీరునని తెలిసి పొద్దుటి నుంచి నలుగురైదుగురు ఒకటే అడిగారు: "షుగర్‌కి వచ్చిన ఆ కొత్త ఇంజెక్షన్లు అంత ఖరీదెందుకురా?" ఒక నెల వేసుకుని, రెండో నెల ధర చూసి మానేసినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. కాబట్టి ఈ పది నిమిషాలూ ఆ ప్రశ్నకే జవాబు చెబుతాను.

మనం అన్నం తినగానే పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోను పుడుతుంది. ఇన్సులిన్ వదలమని క్లోమానికి కబురు చెబుతుంది. కానీ రక్తంలో నిమిషాల్లోనే విరిగిపోతుంది. దాన్ని కాస్త మార్చి, కొవ్వు ఆమ్లంతో చేసిన తోక తగిలిస్తే చాలాసేపు నిలుస్తుంది. అలా వచ్చినవే రోజుకోసారి వేసుకునే లిరాగ్లుటైడ్, వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్. ఇవి పెప్టైడ్లు, అంటే అమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండలు. లిరాగ్లుటైడ్ దండలో 31 పూసలుంటాయి.

మొదట ఈ దండను ఈస్ట్ కణాల చేత తయారు చేయించారు. పూస తర్వాత పూస గుచ్చుతూ రసాయనికంగానూ చేయవచ్చు. ఆ పద్ధతిని 1963లో అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ మెరిఫీల్డ్ ప్రకటించారు. 1984లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మొదటి పూసను సన్నటి రెజిన్ గింజలకు అతికించి, మిగతావి ఒక్కొక్కటే కలుపుతూ, ప్రతిసారీ మిగిలిపోయిన రసాయనాలను కడిగేస్తాం.

ఇక లెక్కకు వద్దాం. 31 పూసలకు 30 ముడులు. ఒక్కో ముడి 99 శాతం సరిగ్గా పడిందనుకోండి. మన బడిలో 99 వస్తే ఫస్టు ర్యాంకు. ఇక్కడ 99 శాతాన్ని 30 సార్లు గుణిస్తే చివరకు సరైన దండలు 74 శాతమే. ముడి 99.5 శాతం పడితే 86, 99.9 శాతం పడితే 97. లెక్కల మాస్టారు చెప్పిన చక్రవడ్డీనే ఇది, కాకపోతే తిరగేసిన చక్రవడ్డీ.

ఆ పోయిన 26 శాతం ఎక్కడికీ పోదు, మందులోనే ఉంటుంది. ఒక పూస తప్పిన దండ దాదాపు అసలు దండలాగే ప్రవర్తిస్తుంది. వాటిని క్రొమటోగ్రఫీ కాలమ్‌లో వేరు చేస్తాం. కాలమ్ నుంచి వచ్చే ధారలో నడిమి భాగం శుభ్రంగా ఉంటుంది, అంచుల్లో మలినాలు కలిసి ఉంటాయి. నడిమిది మాత్రమే పట్టుకుంటే దిగుబడి తగ్గుతుంది, అంచులూ పట్టుకుంటే స్వచ్ఛత తగ్గుతుంది. ప్రొడక్షన్‌కీ క్వాలిటీకీ మధ్య రోజూ జరిగే తగాదా ఇదే.

ఇందులో క్వాలిటీవాళ్ల మాటే నెగ్గాలి. ఇలా రసాయనికంగా చేసిన లిరాగ్లుటైడ్‌లో అసలు మందులో లేని కొత్త పెప్టైడ్ మలినం 0.5 శాతం మించకూడదని అమెరికా ఎఫ్‌డీఏ 2021 మార్గదర్శకాల్లో చెప్పింది. ఏళ్ల తరబడి రోజూ ఒంట్లోకి వెళ్లే మందు ఇది. తెలియని మలినాన్ని శరీరం శత్రువనుకుని ప్రతిరక్షకాలు తయారు చేసుకోవచ్చు.

అందుకని తగాదాను కాలమ్ దగ్గర కాక, ముడి దగ్గరే తీర్చాలి. చిటికెడు గింజలు తీసి నిన్‌హైడ్రిన్‌తో వేడిచేస్తే, ముడి పడని కొసలుంటే నీలం రంగు వస్తుంది. అప్పుడు ఆ పూసనే మళ్లీ కలపాలి. కొన్నిచోట్ల దండలు ఒకదానికొకటి చుట్టుకుని కొత్త పూసను దగ్గరకు రానివ్వవు. అక్కడ ముందే జత చేసిన రెండు పూసలను వాడతాం, లేదా దండను ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కను శుద్ధిచేసి కలుపుతాం. పొట్టి ముక్కలో ఒక పూస తగ్గితే పట్టుకోవడం తేలిక.

అన్నిటికన్నా మొండిది చివర్లో గుచ్చే పూస, హిస్టిడిన్. అది ముడిపడేటప్పుడు కొంత భాగం అద్దంలో ప్రతిబింబంలా తిరగబడుతుంది. బరువు మారదు కాబట్టి బరువు చూసే మాస్ స్పెక్ట్రోమీటర్ దాన్ని పట్టలేదు. ఉష్ణోగ్రత, కారకం, సమయం అదుపులో ఉంచి అది పుట్టకుండానే చూసుకోవాలి.

ముడులు బాగా పడితే స్వచ్ఛతా దిగుబడీ రెండూ పెరుగుతాయి. కాలమ్ పని, ద్రావకాల ఖర్చు తగ్గుతాయి. ధర తగ్గేది ఆ దారిలోనే. మన దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైనేనని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం చెప్పింది. వాళ్లలో రెండో నెల మందు కొనగలిగేవాళ్లు ఎందరన్నది కొంతవరకు మా ముడుల మీద ఆధారపడి ఉంది.

మిత్రులకు రెండు మాటలు. ఈ మందులు సున్నితమైనవి. ఫ్రిజ్‌లో పెట్టండి కానీ గడ్డకట్టనివ్వకండి. బిల్లు లేకుండా కొనకండి, డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి, మానకండి.

పిల్లలూ, మీలో కొందరైనా ఈ రంగానికి రండి. ఇంకా తక్కువ ద్రావకంతో, ఇంకా గట్టి ముడులు వేసే దారులు కనుక్కోవాల్సి ఉంది. శతాంశాలు, గుణకారం మాత్రం ఇక్కడే గట్టిగా నేర్చుకోండి.