మోకాళ్లు చాపించి చూడండి



నేను జూనియర్ డాక్టర్‌గా ఉన్నప్పుడు ఓపీకి ఒక పెద్దావిడ వచ్చింది. "గట్టుకు మోచేతులు ఆనించకుండా గిన్నెలు తోమలేకపోతున్నా నాయనా" అంది. పడుకోబెట్టి తీసిన ఎంఆర్ఐ చూసి, వయసు అరుగుదలేనని మాత్రలు రాసి పంపేశాను. ఒక్కసారైనా నిలబెట్టి పక్కనుంచి చూడలేదు. ఆ తప్పు నాదే.

ఆమె గట్టుకు ఆనుకుంటున్నది వెన్ను ముందుకు ఒరిగినందుకేమోనని నాకు తట్టలేదు. వెన్ను అలా ఒరిగితే శరీరం ఊరుకోదు. పెల్విస్‌ను వెనక్కి తిప్పుతుంది, మోకాళ్లు వంచుతుంది, ఎలాగోలా తలను తుంటి మీదికి తెచ్చుకుంటుంది. ఆ పాట్లలోనే కండరాలు అలిసిపోతాయి. అందుకే మోకాళ్లు చాపించి నిలబెట్టి, తల నుంచి తొడ ఎముకల దాకా ఒకే ఎక్స్‌రేలో పక్కనుంచి తీయించండి. మేస్త్రి గోడకు గుండు వేలాడదీసినట్టు, మెడలోని ఏడో పూస నుంచి ఒక నిలువు గీత గీయండి. సేక్రం పైభాగపు వెనక మూలకు అది ఎంత ముందు పడుతోందో కొలవండి. పెద్దల వెన్ను వంకరలకు వాడే 2012 నాటి ష్వాబ్ వర్గీకరణలో 4 సెంటీమీటర్ల లోపైతే పరవాలేదు, 9.5 దాటితే తీవ్రం. గీత బాగానే ఉన్నా, పెల్విస్ వెనక్కి తిరిగిన కోణం, అంటే పెల్విక్ టిల్ట్, 20 డిగ్రీలు దాటిందంటే రోగి ఒరుగును దాచుకుంటున్నాడని అనుమానించండి.

పక్కనుంచి చూడకపోతే ఏమవుతుందో పాత ఆపరేషన్లే చెబుతాయి. 1960లలో ప్రచారంలోకి వచ్చిన హారింగ్టన్ రాడ్ వెన్ను పక్కవంపును గొప్పగా సరిచేసింది. కానీ నడుము కింది పూసల దాకా రాడ్ వేసినవాళ్లలో కొందరికి సహజమైన లోవంపు చదునైపోయింది. ఏళ్లు గడిచాక వాళ్లు నిటారుగా నిలబడలేకపోయారు. ముందునుంచి తీసిన ఎక్స్‌రేలో మాత్రం వెన్ను తిన్నగానే కనిపించేది. ఫ్లాట్‌బ్యాక్ అని మనం చదువుకున్నది వాళ్ల బాధనే.

ఇక ఆపరేషన్. పూసను వెనకనుంచి V ఆకారంలో కోసి మూస్తే ఒక్కచోటే సుమారు 30 డిగ్రీల వంపు తిరిగొస్తుంది. రక్తం బాగా పోతుంది, నరాలకూ ముప్పే. కత్తి పట్టేముందు తుంటి కీళ్లు బిగుసుకున్నాయా, ఎముకలు గుల్లబారాయా, పార్కిన్సన్స్ ఉందా చూసుకోండి. వ్యాయామంతో నెట్టుకురాగలిగినవాళ్లను టేబుల్ ఎక్కించకండి. ఎనభై ఏళ్ల మనిషికి పడుచువాళ్ల కొలతలు పెట్టుకుని సరిచేయబోతే, స్క్రూలు ఆగినచోట పైపూస దగ్గర వెన్ను మళ్లీ వంగే ప్రమాదం పెరుగుతుంది. వయసుకు తగినంత సరిచేస్తే చాలు.

యువ డాక్టర్లారా, రేపు మీ ఓపీలోకి ఎవరైనా గోడ పట్టుకుని వంగి నడుచుకుంటూ వస్తే, ముందు వాళ్ల చేతిలోని ఫిల్మ్ కవరు పక్కన పెట్టండి. మోకాళ్లు చాపి నిలబడమనండి. పక్కకు వెళ్లి ఒక్క నిమిషం చూడండి.