ముందు ఎవరి కట్లు కొరకాలి?

(సికింద్రాబాద్‌ రైతు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జంతువుల కథలు చెప్పి, చివర ఒక సామెతతో ముడివేయడం మన పెద్దల పద్ధతి. 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికలోని పావురాల కథ మనందరికీ తెలిసిందే. వేటగాడు నూకలు చల్లాడు, పావురాలు వాలాయి, వలలో చిక్కాయి. విత్తనం, మందు అప్పిచ్చి, పంట తనకే తూచాలనే వ్యాపారి చల్లే నూకలు మనమూ ఎరుగుదుం. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందన్న సామెత ఊరికే పుట్టలేదు.

పావురాలన్నీ ఒక్కసారిగా ఎగిరి వలనే ఎత్తుకుపోయాయి. కలిసి ఉంటే కలదు సుఖం అని మనం కథ అక్కడే ఆపేస్తాం. అసలు నీతి ఆ తర్వాత ఉంది. హిరణ్యకుడనే ఎలుక ముందుగా రాజు చిత్రగ్రీవుడి కట్లు కొరకబోయింది. రాజు ఒప్పుకోలేదు, ముందు తనవాళ్లవి కొరకమన్నాడు.

ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే కౌలు రైతులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు మాత్రం పట్టాదారుకే అందింది, దున్నిన కౌలు రైతుకు అందలేదు. పాస్‌బుక్‌ ఉన్న మనం మన కట్లు తెగగానే ఎగిరిపోతే ఇక సంఘం దేనికి?

అందుకే మన ప్రతి అర్జీలో మొదటి డిమాండు కౌలు రైతుకు గుర్తింపు కార్డు కావాలి. మన పేర్లు ఆ తర్వాతే రాద్దాం.